వాచీ చెప్పే క్యాలరీలు కాకిలెక్కలేనా? మీ ప్రశ్నలకు జవాబులు

చేతికి పెట్టుకునే ఫిట్‌నెస్ బ్యాండ్లు గుండె వేగాన్ని ఎలా పసిగడతాయో కిందటి సంచికలో క్లుప్తంగా రాశాం. దానికి స్పందనగా వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తిరిగి తిరిగి క్యాలరీల దగ్గరే ఆగాయి. ఏది కొనాలి, అది చూపించే అంకెను నమ్మాలా, నమ్మితే ఎంతవరకు, ఇవే ప్రశ్నలు. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి, పొడుగు ఉత్తరాలను కాస్త కుదించి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: బరువు తగ్గాలని రోజూ నడుస్తున్నానండీ. ఎన్ని క్యాలరీలు ఖర్చవుతున్నాయో కచ్చితంగా తెలిస్తే తిండి దానికి తగ్గట్టు సర్దుకుందామని ఆలోచన. మావారు స్మార్ట్‌వాచ్ తీసుకోమంటారు, మా అబ్బాయి మామూలు బ్యాండ్ చాలంటాడు, ఇప్పుడు ఉంగరాలు కూడా వచ్చాయట. క్యాలరీలను కచ్చితంగా చూపించేదేదో ఒక్క పేరు చెప్పండి, అదే కొనేస్తాను.

జవాబు: ఒక్క పేరు చెప్పలేనమ్మా. తప్పించుకోవడానికి అంటున్న మాట కాదు. ఖర్చయిన క్యాలరీలను కచ్చితంగా కొలిచే పరికరం, చేతికి పెట్టుకునేవాటిలో, ఎంత ఖరీదు పెట్టినా లేదు.

ఎందుకంటే, శరీరం శక్తిని ఖర్చు పెట్టాలంటే ఆక్సిజన్ కావాలి. లీటరు ఆక్సిజన్ వాడుకుంటే దాదాపు 5 కిలోక్యాలరీలు (వాచీలు, తిండి లెక్కలు 'క్యాలరీ' అనేది దీన్నే) ఖర్చయినట్టు లెక్క. అందుకే ల్యాబులో మనిషి ముఖానికి మాస్క్ తగిలించి, లోపలికి పోయే గాలిలో ఆక్సిజన్ ఎంత, బయటికి వచ్చేదాంట్లో ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత అని కొలుస్తారు. రోజుల తరబడి లెక్క కావాలనుకుంటే బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ కలిపిన ప్రత్యేకమైన నీళ్లు తాగించి, తర్వాత వారం రెండు వారాల పాటు మూత్రం పరీక్షిస్తూ పోతారు. నిజమైన కొలత అంటే ఇవీ.

మరి మీ వాచీకి ఏం తెలుసు? చెయ్యి ఎంత కదిలిందో చెప్పే చిన్న సెన్సర్ ఒకటి, చర్మంలోకి ఆకుపచ్చ కాంతి పంపి రక్తం ఎలా పొంగుతోందో చూసి గుండె వేగం లెక్కగట్టే సెన్సర్ ఇంకొకటి, ఆపైన మొదటిరోజు మీరే యాప్‌లో కొట్టిన వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా అన్న వివరం. వీటన్నిటినీ కంపెనీ తన సొంత సూత్రంలో వేస్తే వచ్చేదే స్క్రీన్ మీద కనిపించే అంకె. ఆ సూత్రం ఏమిటో చాలా కంపెనీలు బయట పెట్టవు.

ఈ అంకె ఎంత తేడాగా ఉంటుందో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 2017లో పరీక్షించారు. 60 మంది, 7 పరికరాలు, పక్కన ల్యాబు కొలతలు. గుండె వేగం విషయంలో ఏడింటిలో ఆరు బాగానే నెగ్గాయి, 5 శాతం లోపే తేడా. క్యాలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే వెనకబడింది 93 శాతం! అవి పాత మోడళ్లు, వాటిలో కొన్ని ఇప్పుడు దొరకవు, సెన్సర్లు అప్పటికంటే మెరుగయ్యాయి, ఒప్పుకుంటాను. కానీ అసలు చిక్కు గుండె వేగం నుంచి క్యాలరీలకు వెళ్లే దారిలో ఉంది. నిమిషానికి 130 కొట్టుకుంటున్న గుండె రోజూ పరిగెత్తే మనిషిదైతే ఒక లెక్క, ఇవాళే మొదలుపెట్టినవాళ్లదైతే ఇంకో లెక్క. ఎండలో నడిచినా, రాత్రి నిద్ర లేకపోయినా, కాఫీ తాగినా, టెన్షన్ పడ్డా గుండె వేగం పెరుగుతుంది. క్యాలరీలు మాత్రం అదే పాళ్లలో పెరగవు. మీ వాచీకి ఆ తేడా తెలియదు.

అయితే కొనడం దండగా అంటే, కాదు. కొనండి, కానీ క్యాలరీల కచ్చితత్వం చూసి కొనకండి, ఎందుకంటే ఆ పోటీలో గెలిచినవాళ్లు ఎవరూ లేరు. రోజంతా ఆపకుండా గుండె వేగం చూసేదై ఉండాలి (కొన్ని చవక బ్యాండ్లు పది నిమిషాలకోసారి మాత్రమే చూస్తాయి, సెట్టింగుల్లో మార్చుకునే వీలుందో లేదో కనుక్కోండి). మీ చేతికి వదులు కాకుండా, నొక్కుకుపోకుండా కూర్చోవాలి. యాప్‌లో మొత్తం క్యాలరీలు వేరుగా, కదలిక వల్ల ఖర్చయినవి వేరుగా కనిపించాలి. వారం, నెల సగటులు చూసే వీలుండాలి. ఛార్జింగ్ అయిపోయిందని తీసి బల్ల మీద పెట్టి మరిచిపోయే రకం మనిషైతే, వారం పాటు బ్యాటరీ వచ్చే బ్యాండే మీకు స్మార్ట్‌వాచ్ కంటే మంచి లెక్క ఇస్తుంది. పెట్టుకోని వాచీకి ఎంత మంచి సెన్సరుంటే మాత్రం ఏం లాభం? నడకే మీ ప్రధాన వ్యాయామం కాబట్టి మీ అబ్బాయి మాటకే నా ఓటు.

ప్రశ్న: నేనూ మా అక్కా కలిసి ఒకే దారిలో గంటసేపు నడుస్తాం. బరువు ఇద్దరిదీ 70 కిలోలే. నా వాచీ 180 అంటుంది, తన వాచీ 250 దాకా చూపిస్తుంది. తను రోజూ నన్ను ఆటపట్టిస్తోంది. ఎవరిది తప్పు?

జవాబు: రెండూ రైటే అయ్యే అవకాశం చాలా ఉంది.

గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటికంటే సుమారు మూడున్నర రెట్లు శక్తి ఖర్చవుతుందని వ్యాయామ శాస్త్రం లెక్క. విశ్రాంతిలో ఉన్న మనిషికి కిలో బరువుకు గంటకు ఒక కిలోక్యాలరీ చొప్పున వేసుకుంటారు. అంటే 70 కిలోల మనిషికి కదలకుండా కూర్చున్నా గంటకు 70, నడిస్తే 245. ఇప్పుడు ఆ 245లో, నడవకపోయినా ఎలాగూ ఖర్చయ్యే 70 తీసేయండి. 175 మిగిలింది. మీ వాచీ ఆ 175కి దగ్గర్లో చెబుతోంది, మీ అక్క వాచీ 245కి దగ్గర్లో చెబుతోంది. ఒకటి నడక వల్ల అదనంగా అయిన ఖర్చు, రెండోది ఆ గంటలో శరీరం పెట్టిన మొత్తం ఖర్చు.

ఆపిల్ వాచీలో ఎర్ర రింగు నిండేది కదలిక క్యాలరీలతో మాత్రమే. ఫిట్‌బిట్ అయితే అర్ధరాత్రి 12 నుంచి ఊపిరి పీల్చిన ఖర్చుతో సహా అన్నీ కలిపి మొత్తం చూపిస్తూ వచ్చింది. రెండు వాచీలను పక్కపక్కన పెట్టి పోల్చేముందు యాప్‌లో ఆ అంకె కింద చిన్న అక్షరాల్లో 'యాక్టివ్' అని ఉందా, 'టోటల్' అని ఉందా చూడండి. అది చూశాక కూడా తేడా ఉంటే ప్రొఫైల్ తెరిచి వయసు, ఎత్తు, బరువు సరిచూడండి. అయిదేళ్ల కిందటి బరువు అలాగే వదిలేసినవాళ్లు చాలామందే ఉంటారు. అన్నీ సరిపోయాక కూడా ఇరవై ముప్పై తేడా మిగిలిందంటే, అది సూత్రాల తేడా. అక్కా చెల్లెళ్లు దానికోసం పోట్లాడుకోనక్కర్లేదు.

ప్రశ్న: కొత్త బ్యాండ్ కొన్నాను. ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుని, లేచి సోఫాలో కూర్చున్నాను అంతే. మధ్యాహ్నం 12కి చూస్తే 880 క్యాలరీలు! పాడైందా, లేక ఖుషీ చేయడానికి ఇలా చూపిస్తున్నారా? నా వయసు 30, ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 80 కిలోలు.

జవాబు: పాడవలేదు బాబూ, మీరు పడుకున్నా మీ గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు సెలవు తీసుకోలేదు. రోజు మొత్తం ఖర్చులో చాలామందికి సగానికి పైగా ఈ కదలని ఖర్చే ఉంటుంది.

దీన్ని లెక్కగట్టడానికి 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జోర్ సూత్రాన్ని ఎక్కువగా వాడతారు. బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలపాలి, అందులోంచి వయసును 5తో గుణించి తీసేయాలి, మగవాళ్లకు 5 కలపాలి, ఆడవాళ్లకైతే 161 తీసేయాలి. మీకు వేస్తే 800, దానికి 1,094 కలిపి, 150 తీసేసి, 5 కలిపితే దాదాపు 1,750 వస్తుంది. రోజుకు 1,750 అంటే అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నానికి 875. మీ బ్యాండ్ చూపించింది 880. అంటే సోఫా దాకా నడిచినందుకు 5 వేసుకుంది అనుకోండి!

ఇంకో మాట. ఈ భాగం లెక్కగట్టడానికి మీ బ్యాండ్ ఏ సెన్సరూ వాడాల్సిన పని లేదు, మీరిచ్చిన వివరాలే చాలు. దాన్ని తీసి సొరుగులో పెట్టినా చాలా యాప్‌లు ఆ 1,750 పూర్తి చేసేస్తాయి. అందుకే మీ బ్యాండ్ పనితీరు చూడాలంటే మొత్తం అంకె వదిలేసి, కదలిక వల్ల వచ్చిన అంకె ఒక్కటీ చూడండి.

ప్రశ్న: అన్నా, నేను జిమ్‌లో గంటన్నర బరువులెత్తుతా. చెమటతో టీషర్ట్ పిండాల్సి వస్తుంది, వాచీ మాత్రం ఏదో పార్కులో షికారుకెళ్లినట్టు చూపిస్తది. సైకిల్ తొక్కినా అంతే. అదే పొద్దున జాగింగ్ మొదలెట్టిన నిమిషానికే గుండె 165 అంటది, నాకేమో అసలు ఆయాసమే ఉండదు. మార్చేయనా?

జవాబు: తమ్ముడూ, నువ్వు మూడు వేర్వేరు జబ్బులు చెప్పావు, ఒక్కోదానికి ఒక్కో కారణం.

బరువులెత్తేటప్పుడు రాడ్ గట్టిగా పట్టుకుంటావు కదా, మణికట్టు దగ్గర కండరాలు బిగుసుకుని రక్తప్రసరణ మారిపోతుంది, మణికట్టు వంగినప్పుడల్లా వాచీ చర్మం మీంచి లేస్తుంది. కాంతి లోపలికి పోయి తిరిగొచ్చేది సరిగా రాకపోతే గుండె వేగం తప్పు పడుతుంది. పైగా బరువుల వ్యాయామంలో గుండె వేగం సరిగ్గా దొరికినా క్యాలరీలు సరిగ్గా రావు, ఎందుకంటే చాలా సూత్రాలు నడక, పరుగు లాంటి ఆగకుండా సాగే వ్యాయామాన్ని మనసులో పెట్టుకుని తయారైనవి. సెట్టుకీ సెట్టుకీ మధ్య రెండు నిమిషాలు కూర్చునే పనికి అవి అంతగా అతకవు. ఇంకోటి కూడా చెప్తా, కోపం తెచ్చుకోకు: చెమట ఎంత పట్టిందన్నది క్యాలరీల కొలత కాదు, ఒంట్లో వేడి బయటికి పోవడం, అంతే. జిమ్‌లో ఫ్యాన్లు ఆపేస్తే ఇంకా ఎక్కువ పడుతుంది.

సైకిల్ సంగతి తేలికే. కాళ్లు తిరుగుతున్నాయి, చేతులు హ్యాండిల్ మీద కదలకుండా ఉన్నాయి, చేతి కదలిక చూసే సెన్సర్ నువ్వు కూర్చున్నావనుకుంటోంది. తొక్కడం మొదలెట్టేముందు వాచీలో సైక్లింగ్ మోడ్ నొక్కు, అప్పుడు గుండె వేగం మీద ఎక్కువ ఆధారపడుతుంది. ట్రెడ్‌మిల్ మీద కడ్డీ పట్టుకుని నడిచేవాళ్లకు, చంటిపిల్లల బండి తోసుకుంటూ నడిచేవాళ్లకు అడుగులు తక్కువ పడేదీ ఇందుకే.

ఇక ఆ 165. పరిగెత్తేటప్పుడు నిమిషానికి నీ అడుగులు కూడా 160, 170 మధ్యే పడతాయి. వాచీ వదులుగా ఉంటే అడుగు పడ్డప్పుడల్లా వచ్చే కుదుపును గుండె చప్పుడనుకుని పొరబడుతుంది. నమ్మకం లేకపోతే ఓ పని చెయ్యి: పరిగెత్తుతూ ఉన్నట్టుండి ఆగి, మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించు. వాచీ చెప్పేదానికీ దీనికీ ముప్పై నలభై తేడా వచ్చిందంటే దొంగ దొరికినట్టే. పట్టీని మణికట్టు ఎముకకు వేలెడు పైకి జరిపి, పరుగు అయ్యేదాకా ఒక రంధ్రం బిగించి చూడు, సగం సమస్య అక్కడే పోతుంది.

మార్చాలా అంటే, వాచీ మార్చకు. దానికి తోడుగా ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ ఒకటి తీసుకో. ఇది గుండెలో పుట్టే విద్యుత్ సంకేతాన్నే నేరుగా పట్టుకుంటుంది, కాంతి గొడవ లేదు. 1980ల మొదట్లో ఫిన్లాండ్ కంపెనీ పోలార్ వైర్లెస్‌గా తెచ్చిన పద్ధతే, ఇప్పటికీ వాచీల కంటే ఇదే నమ్మకం. కట్టుకునే ముందు లోపలివైపు రబ్బరు భాగాన్ని నీళ్లతో తడుపు. పొడిగా కట్టుకుంటే చెమట పట్టేదాకా పిచ్చి అంకెలు చూపించి నిన్ను కంగారు పెడుతుంది. కొనేముందు మాత్రం అది నీ వాచీకి బ్లూటూత్‌లో కలుస్తుందో లేదో అడిగి తెలుసుకో, అన్నీ కలవవు.

ప్రశ్న: నా వయసు 64. బీపీకి రోజూ బీటా బ్లాకర్ మాత్ర వేసుకుంటాను. ఎంత చురుగ్గా నడిచినా బ్యాండ్ 'తేలికపాటి వ్యాయామం' అంటోంది, క్యాలరీలూ తక్కువే. నేను సరిగ్గా నడవడం లేదంటారా?

జవాబు: మీ నడకలో లోపం లేదండీ. ఆ రకం మాత్రలు చేసే పనే గుండె వేగాన్ని పెరగనివ్వకుండా పట్టి ఉంచడం. బ్యాండేమో గుండె వేగం పెరగలేదు కాబట్టి శ్రమ పడలేదని అనుకుంటోంది. మీకు ఆ అంకె ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, '220 లోంచి వయసు తీసేయండి' అనే గరిష్ఠ వేగం లెక్క కూడా మీకు పనికిరాదు. నడుస్తూ మాట్లాడగలుగుతున్నారు కానీ పాట పాడలేకపోతున్నారు అంటే మధ్యస్థమైన శ్రమ చేస్తున్నారన్నమాట. ఎన్ని నిమిషాలు నడిచారు, ఎంత దూరం వెళ్లారు అన్నవి రాసుకోండి చాలు. బ్యాండ్ అంకె పెంచడం కోసం మాత్ర మానేయడం, తగ్గించడం లాంటి ఆలోచన పొరపాటున కూడా వద్దు, ఎంత వేగం దాటకూడదో మీ డాక్టరుగారినే అడగండి.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కూడా రాశారు. వాళ్లకు విడిగా ఒక హెచ్చరిక: కొన్ని వాచీల్లో ఒంట్లో కొవ్వు శాతం చూసే ఏర్పాటు ఉంటుంది, అది శరీరం గుండా సన్నటి కరెంటు పంపి కొలుస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు దాన్ని వాడొద్దని ఆ కంపెనీలే చెబుతున్నాయి.

ప్రశ్న: వాచీ నేను ఇవాళ 600 క్యాలరీలు కరిగించానని చెప్పింది. అంటే 600 క్యాలరీల స్వీట్లు అదనంగా తిన్నా బరువు పెరగను కదా? యాప్ కూడా 'మీకు ఇంకా 600 మిగిలాయి' అంటోంది!

జవాబు: ఆ యాప్‌లో ఆ ఆప్షన్ ఎక్కడుందో వెతికి ముందు ఆపేయండి.

600లో పావు వంతు తప్పున్నా 150 పోయాయి. అందులో ఎలాగూ ఖర్చయ్యేవి కూడా కలిపి ఉంటే ఇంకొన్ని పోయాయి. ఇటు తిండి వైపు అంచనా మనమేమైనా సరిగ్గా వేస్తున్నామా? చెంచాతో కాస్త ఎక్కువ వేసుకుంటే వంద తేడా వస్తుంది. ఎక్కువ చూపించే వాచీ, తక్కువ రాసుకునే మనిషి, రెండు తప్పులూ ఒకే వైపుకి లాగుతాయి, అదే ప్రమాదం.

అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు 471 మంది యువతీ యువకుల మీద రెండేళ్ల పాటు చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. అందరికీ తిండి తగ్గించే ప్రణాళిక, వ్యాయామం, సలహాలు ఇచ్చారు. ఆరు నెలల తర్వాత సగం మందికి చేతికి తగిలించుకునే పరికరం కూడా ఇచ్చారు. రెండేళ్లు గడిచాక చూస్తే పరికరం లేనివాళ్లు సగటున 5.9 కిలోలు తగ్గారు, పరికరం ఉన్నవాళ్లు 3.5 కిలోలే. దీన్ని పట్టుకుని పరికరం పెట్టుకుంటే లావవుతారు అనడం అన్యాయం, ఇద్దరూ తగ్గారు. కానీ పరికరం పెట్టుకోవడం వల్లే బరువు తగ్గుతుందనుకునేవాళ్ల నోరు మూయించే ఫలితం ఇది. 'ఇంత చేశాను కదా, కాస్త తింటే ఏం' అనే ధీమా కూడా ఇందులో ఉండొచ్చని నా అనుమానం.

శరీరం కూడా తక్కువదేం కాదు. అమెరికా పరిశోధకుడు హర్మన్ పాంట్జర్, ఆయన సహచరులు 2012లో టాంజానియాలోని హడ్జా అనే వేట, సేకరణ మీద బతికే జనం రోజువారీ ఖర్చును ఇందాక చెప్పిన ప్రత్యేక నీళ్ల పద్ధతిలో కొలిచారు. రోజంతా నడిచే ఆ మనుషులు, ఒంటి పరిమాణం లెక్కలోకి తీసుకుంటే, కుర్చీల్లో కూర్చునే పాశ్చాత్యుల కంటే ఎక్కువేం ఖర్చు పెట్టడం లేదని తేలింది. బాగా కదిలే ఒళ్లు వేరే చోట పొదుపు చేసుకుంటుందని ఆయన వాదన. ఇది ఇంకా చర్చలో ఉన్న విషయమే అయినా, వ్యాయామంలో పోయిన ప్రతి క్యాలరీ రోజు మొత్తానికి కలుస్తుందన్న లెక్క మాత్రం ముందున్నంత గట్టిగా లేదు.

మరి ఆ అంకెతో ఏం చేయాలి? దాన్ని మీ ఒంటికి సరిచూసుకోవాలి. మూడు వారాలు ఓపిక పట్టండి. రోజూ పొద్దున ఒకే వేళకి, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. తిన్నదంతా రాయండి, నిజాయితీగా. వాచీ చెప్పే రోజు మొత్తం ఖర్చు కూడా రాయండి. రోజు రోజుకీ బరువు కిలో అటూ ఇటూ అవుతుంది, అది నీళ్లూ ఉప్పూ, పట్టించుకోకండి, వారం సగటు తీయండి. ఇప్పుడు మీరు రోజుకు 2,000 తిన్నట్టు రాసుకున్నారు, వాచీ సగటున 2,500 ఖర్చంది, బరువు మాత్రం వారానికి పావు కిలో చొప్పునే తగ్గింది అనుకుందాం. కిలో కొవ్వుకు సుమారు 7,700 కిలోక్యాలరీలు, పావు కిలోకు 1,925, రోజుకు 275. అంటే మీ అసలు ఖర్చు 2,275. మీ వాచీ మీ విషయంలో రోజుకు 225 ఎక్కువ చెబుతోంది. ఇకమీదట అది చూపించే దాంట్లోంచి 225 తీసేసి చదువుకోండి.

ఇందులో ఒక చమత్కారం ఉంది. మీరు తిండి కాస్త తక్కువ రాసుకునే అలవాటున్నా ఇబ్బంది లేదు. ఎప్పుడూ అదే తీరుగా రాస్తున్నంత కాలం ఆ తప్పు కూడా ఆ 225లోనే సర్దుకుపోతుంది. వాచీ కూడా అంతే, రోజూ ఒకే తీరుగా తప్పితే మనకు పనికొస్తుంది. అందుకే చీటికీ మాటికీ మోడల్ మార్చకండి, మారిస్తే ఈ మూడు వారాల తతంగం మళ్లీ మొదటికి.

ప్రశ్న: స్మార్ట్ ఉంగరం ఎలా ఉంటుంది? నిద్రలో వాచీ పెట్టుకోవడం నా వల్ల కాదు.

జవాబు: నిద్ర కోసమైతే బాగుంటుంది. వేలి దగ్గర రక్తనాళాల సంకేతం బాగా దొరుకుతుంది, రాత్రి చెయ్యి కదలదు కాబట్టి విశ్రాంతి గుండె వేగం చక్కగా పట్టుకుంటుంది. వ్యాయామం దగ్గర మాత్రం నాకు అంతగా నచ్చదు. స్క్రీన్ ఉండదు, పరుగులో వేగం చూసుకోలేరు, డంబెల్ పట్టుకుంటే ఉంగరం వేలిలో గుచ్చుకుంటుంది, గీతలు పడతాయి. వేలి సైజు కూడా ఎండకీ చలికీ మారుతుంది, అందుకే కంపెనీ పంపే నమూనా ఉంగరాన్ని ఒక పగలూ రాత్రీ పెట్టుకుని చూశాకే సైజు ఖాయం చేసుకోండి. కొన్నిటికి నెలనెలా చందా కట్టకపోతే సగం వివరాలు కనిపించవు, కొనేముందే అడగండి.

ప్రశ్న: నా చర్మం బాగా నలుపు, మణికట్టు మీద పెద్ద టాటూ కూడా ఉంది. నా లాంటివాళ్లకు ఇవి పనిచేయవంటున్నారు, నిజమేనా?

జవాబు: టాటూ విషయంలో నిజమే. సిరా ఆకుపచ్చ కాంతిని అడ్డుకుంటుంది, చిక్కగా ఉంటే రీడింగే రాకపోవచ్చు. రెండో చేతికి పెట్టుకోండి, లేదా మోచేతి పైభాగానికి కట్టుకునే సెన్సర్ బ్యాండ్ చూడండి. చర్మం రంగు సంగతి అంత సూటిగా లేదు. ఇందాకటి 2017 పరీక్షలో ముదురు రంగు చర్మానికి తప్పు ఎక్కువ వచ్చింది, 2020లో 53 మంది మీద చేసిన ఇంకో పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, కదలికలో ఉన్నప్పుడు మాత్రం అందరికీ తప్పు పెరిగింది. కాబట్టి మెడ దగ్గర నాడి లెక్కపెట్టే చిట్కా మీరూ వాడండి, నిమిషానికి అయిదు లోపు తేడా అయితే నిశ్చింతగా పెట్టుకోండి.

ప్రశ్న: క్యాలరీలు వదిలేసి రోజుకు 10,000 అడుగులు వేస్తే సరిపోతుందా?

జవాబు: ఆ పది వేలు డాక్టర్లు తేల్చిన సంఖ్య కాదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరు. 2019లో సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది మహిళల మీద వచ్చిన అధ్యయనంలో రోజుకు సుమారు 4,400 అడుగులు వేసినవాళ్లలో మరణాలు 2,700 వేసినవాళ్లకంటే 41 శాతం తక్కువ కనిపించాయి, ఏడున్నర వేల దగ్గర ఆ లాభం పెరగడం ఆగింది. ఇది పెద్దవాళ్ల లెక్క, చిన్నవాళ్లకు పది వేలు వేస్తే వచ్చే నష్టమేం లేదు. అడుగుల్లో ఒక సుఖం ఉంది, వాటిని ఈ పరికరాలు క్యాలరీల కంటే చాలా మేలుగా లెక్కపెడతాయి. అడుగులు చాలనుకుంటే జేబులో ఉన్న ఫోనే సరిపోతుంది, కొత్తగా ఏదీ కొననక్కర్లేదు.

ప్రశ్న: సూది గుచ్చకుండా షుగర్ చూసే, తిన్న క్యాలరీలు కూడా దానంతటదే కనిపెట్టే వాచీ ఒకటి ప్రకటనల్లో కనిపిస్తోంది. అన్నీ ఒకదాంట్లోనే ఉన్నాయి కదా అని...

జవాబు: వద్దు. చర్మానికి గుచ్చకుండా రక్తంలో షుగర్ కొలుస్తామనే వాచీలు, ఉంగరాలు నమ్మొద్దని, అలాంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పు రీడింగ్ చూసి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. తిన్న క్యాలరీలను చర్మం మీంచి పసిగట్టడం కూడా అలాంటి గొప్పే. ఇన్ని అబద్ధాలు ఒకే డబ్బా మీద అచ్చేసిన కంపెనీ గుండె వేగమైనా సరిగ్గా చెబుతుందని నాకు నమ్మకం లేదు.

ప్రశ్న: కుడి చేతికా, ఎడమ చేతికా? బ్యాండ్ కింద దద్దుర్లు వస్తున్నాయి కూడా.

జవాబు: రాయని చేతికి. కూరలు తరగడం, పళ్లు తోమడం లాంటివి కూడా అడుగులుగా పడే బెడద కొంత తగ్గుతుంది. యాప్‌లో ఏ చేతికి పెట్టుకున్నారో అడిగే సెట్టింగ్ ఉంటే అక్కడ కూడా మార్చండి, ఊరికే చెయ్యి మారిస్తే చాలదు. దద్దుర్లు చాలాసార్లు పట్టీ కింద ఇరుక్కున్న సబ్బు, చెమట వల్లే వస్తాయి. స్నానం అయ్యాక తీసి, పట్టీనీ చర్మాన్నీ పొడిగా తుడిచి, అరగంట ఖాళీగా వదిలేయండి. వ్యాయామం అయ్యాక ఒక రంధ్రం వదులు చేయండి. అయినా తగ్గకపోతే గుడ్డ పట్టీ వేయించి చూడండి, దానికీ దద్దుర్లు వస్తుంటే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి.